లిల్లీ బతికిన లోకం కోసం కొండపల్లి దాకా

"ఆ లోకంలో జ్వరం ఇటు తిరిగిందే. లిల్లీ అక్కడ బతికే ఉంది," అన్నాడు మా ఆయన.

"ఉంటే ఉందిలే. ముందు ఈ మజ్జిగ తాగు," అన్నాను నేను.

సగం తాగాడు. గ్లాసు కడుక్కొచ్చేసరికి పోయాడు. మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఇవి ఇట్లా ఉండబట్టే నేను విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది, అక్కడినుంచి కొండపల్లి కూడా వెళ్ళాల్సి వచ్చింది.

నా పేరు దీనమ్మ. సంతకం చేయడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవగలను. అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు సుహాసిని రాస్తోంది. "ఏం తేల్చుకొచ్చావ్?" అని మన స్త్రీల సమాజంలో ఒక్కొక్కరూ విడివిడిగా అడుగుతుంటే, చెప్పీ చెప్పీ అసలే బొంగురు గొంతు ఇంకా బొంగురైపోయింది. అందరికీ కలిపి ఒకేసారి రాయించేస్తున్నాను. రానివాళ్ళు ఇది చదువుకోండి. చదవడం రానివాళ్ళు నాలాగే ఎవరిచేతైనా చదివించుకోండి.

బయల్దేరక ముందు

మా లిల్లీ సంగతి మీలో పెద్దవాళ్ళకి తెలుసు. మూడో తరగతిలో ఉండగా దానికి మెదడు జ్వరం వచ్చింది. బందరు ఆసుపత్రి డాక్టరు "తెల్లారేసరికి ఇటో అటో తిరుగుతుందమ్మా" అన్నాడు. అటు తిరిగింది. నేను ఏడ్చి ఏడ్చి ఒకనాటికి ఆగాను. మా ఆయన సత్యానందం ఏడవలేదు, ఆగనూ లేదు. కాలువ లాకుల దగ్గర లస్కరు ఆయన. తలుపు ఎత్తితే నీళ్ళు ఇటు, దించితే అటు. జీవితమంతా అదే పని చేసిన మనిషికి ఆ "ఇటో అటో" అన్న మాట బుర్రలోంచి పోలేదు.

రిటైరయ్యాక షామియానా కొట్టువాళ్ళకి కుర్చీలు సర్దే పనికి వెళ్ళేవాడు. ఆ మధ్య ఈస్టరు ముందు శ్రమల కాలంలో, టౌను కాలేజీకి విజయవాడ నుంచి ఎవరో ఫాదరు గారు వచ్చి, పరమాణువుల గురించీ విశ్వాసం గురించీ పిల్లలకి చెప్పారట. మా ఆయన వెనకాల కుర్చీలు సర్దుతూ విన్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే "దీనా, లోకం చీలుతుందంట. ఇటూ జరుగుతుందంట, అటూ జరుగుతుందంట," అన్నాడు. ఎండ తగిలిందేమోనని నేను ఉల్లిపాయ నలిపి అరికాళ్ళకి రాశాను.

ఇక ఆయన పోయిన రోజు. మనలో ఉన్న ఆచారం మీకు తెలియనిది కాదు. భూస్థాపనకి ముందు పాస్టరు గారు "ఆఖరున ఏం మాట్లాడారు?" అని అడుగుతారు. ఇంటివాళ్ళు "ప్రభువా అన్నాడండీ" అనో, "పాట పాడమన్నాడండీ" అనో చెబుతారు. వారం ముందే నోట మాట పడిపోయినవాళ్ళు కూడా ఆఖరున ప్రభువా అన్నారనే చెప్పుకుంటాం. ఎవరూ తప్పు పట్టరు. నేనొక్కదాన్నే, సాక్ష్యం అంటే సాక్ష్యమే గదా అనుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మజ్జిగతో సహా.

షామియానా కింద గుసగుసలు మొదలయ్యాయి. ఏదో కొత్త బోధలో పడ్డాడన్నారు. రెండు రోజులాగి పాస్టరు గారు ఇంటికొచ్చారు. ఆయన మంచివాడు, కళ్ళలో నీళ్ళు పెట్టుకునే చెప్పారు. "దీనమ్మ గారూ, పోయినవాళ్ళు లేస్తారన్నది మన నమ్మకం. పిల్ల అసలు పోనేలేదని అన్నారంటే, ఇక లేవడం అన్న మాట ఎక్కడుందండీ? సత్యానందం గారు ఏ మనసుతో వెళ్ళారో నాకు అంతుపట్టడం లేదు. సమాధి రాయి మీద పునరుత్థాన వాక్యం కొన్నాళ్ళు ఆపుదాం."

రాయి ఆగితే ఆగింది. నా భయం రాయి గురించి కాదు. ఆయన విశ్వాసం వదిలేసి పోయాడంటే, రేపు అందరూ లేచే రోజున లిల్లీ లేస్తుంది, నేను లేస్తాను, మా ఇద్దరి మధ్యా ఆయన ఉండడు. పిల్ల "నాన్నేడీ?" అని అడిగితే ఏం చెప్పాలి? అన్నం నోట్లో పెట్టుకుంటే అదే ఆలోచన. ఆ మాట ఆయన బుర్రలో పడేసిన మనిషెవరో ఆ మనిషినే అడిగి తేల్చుకోవాలనుకున్నాను. నా దగ్గరున్న ఆనవాలు ఒక్కటే: విజయవాడలో ఫిజిక్సు చెప్పే ఫాదరు.

సున్నా టికెట్టు

చల్లపల్లిలో బస్సెక్కాను. ఇప్పుడు ఆడవాళ్ళకి ఉచితం గదా. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా అని కొట్టి టికెట్టు చేతిలో పెట్టాడు.

"డబ్బుల్లేనప్పుడు టికెట్టెందుకు బాబూ?" అన్నాను.

"మీరు ఎక్కినట్టు సాక్ష్యం ఉండాలి గదా మామ్మగారూ. లేకపోతే మీరు బస్సులో ఉన్నా లేనట్టే," అన్నాడు.

ఆ మాటకి బస్సంతా నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. సాక్ష్యం చెప్పబట్టే గదా ఈ తిప్పలు.

పామర్రు దాటాక చేలల్లో మినుము పచ్చగా ఉంది. ఉయ్యూరు వచ్చేసరికి చెరుకు బళ్ళు, వెనకే చక్కెర ఫ్యాక్టరీ పుల్లటి వాసన. ఆ వాసన పడక పక్కనావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. కాలువ కనిపించినప్పుడల్లా నేను లాకుల తలుపులు ఎంత ఎత్తారో చూస్తూ కూర్చున్నాను. లస్కరు పెళ్ళాన్ని గదా, ఆ అలవాటు పోదు.

విజయవాడ బస్టాండులో దిగుతుంటే చెప్పు తెగింది. కుట్టేవాడు ముప్పై అడిగాడు. మన ఊళ్ళో పది. "ఇది బెజవాడ పిన్నిగారూ, ఇక్కడ దారానికి కూడా అద్దె," అన్నాడు. పాతిక ఇచ్చాను.

సిలబస్‌లో లేని మాట

ఆటో అతనికి "ఫిజిక్సు చెప్పే సారు దగ్గరికి పోనీ నాయనా" అని చెప్పాను. అది నా పొరపాటు. విజయవాడలో ఫిజిక్సు సారు అంటే మన ఊళ్ళో కౌలు రైతు అన్నట్టు, ఎక్కడ చూసినా వాళ్ళే. అతను ఫాదరు సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. గవర్నర్‌పేట అవతల ఒక కోచింగు కాలేజీ ముందు దింపేశాడు. మేడ నిండా పిల్లలు, మెట్ల నిండా చెప్పులు. మన గుళ్ళో క్రిస్మస్ రోజున కూడా అన్ని చెప్పులు చూడలేదు.

క్లాసు అయ్యాక ఒక సారు బయటికొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతులనిండా సుద్ద. మనవడి సీటు కోసం వచ్చాననుకుని ఫీజుల సంగతి మొదలుపెట్టాడు.

"సీటు కోసం కాదు మాస్టారూ. లోకం రెండుగా చీలుతుందా అని అడుగుదామని వచ్చాను."

ఆయన నవ్వలేదు. చేతులు దులుపుకున్నాడు. "ఎవరు చెప్పారమ్మా?"

చెప్పాను. విని, "అమ్మా, నేను పిల్లలకి చెప్పేది ఒక్కటే. లెక్క చెయ్యండి, జవాబొస్తుంది, మార్కొస్తుంది. ఆ లెక్క ఇంతవరకు ఎక్కడా తప్పలేదు. మీ చేతిలో సెల్‌ఫోను కూడా దాని పుణ్యమే. లోపల అసలేం జరుగుతోందని అడిగితే టైము పోతుంది. అది సిలబస్‌లో లేదు," అన్నాడు.

"చావు కూడా మీ సిలబస్‌లో లేదుగా బాబూ. అయినా వస్తుందిగా."

ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించాడు. "చదువుకునే రోజుల్లో నాకూ అడగాలనిపించేదమ్మా. తర్వాత ఇంటి లోను వచ్చింది, అడగడం మానేశాను," అన్నాడు. నేను వెతికే ఫాదరు ఎవరో ఆయనకి తెలుసు. ఆ ఫాదరు దగ్గరే డిగ్రీ చదివాడట. "ఇప్పుడు కొండపల్లిలో ఉంటున్నారు. చర్చి వెనకాల చిన్న ఇల్లు. ఇవాళ పొద్దుపోయింది, రేపు ఉదయం వెళ్ళండి. ఫలానా వాడు ఇప్పటికీ లెక్కలే చేస్తున్నాడని చెప్పండి," అన్నాడు.

చీరల మూట ఆవిడ

గవర్నర్‌పేటలో లాడ్జికి వెళితే కౌంటరు అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి "ఒక్కరేనా? ఎవరూ లేరా వెంట?" అన్నాడు. ముసలిదాన్ని, నాకు వెంట ఎవరుంటారు? పైగా రూము ఎనిమిది వందలన్నాడు. నేను గుమ్మం దిగబోతుంటే చీరల మూటతో ఒకావిడ "ఏవండీ, నా రూములో రెండు మంచాలున్నాయి, సగం ఇచ్చి ఉందురుగానీ రండి," అని పిలిచింది.

ఆవిడ పేరు నాగమణి. పెడన నుంచి వచ్చిన చేనేతావిడ. మగ్గం మీద మొగుడు, కొట్ల వెంట ఈవిడ. నెలకోసారి హోల్‌సేలు కొట్లకి చీరలు తెచ్చి ఇస్తుందట. ఇద్దరం కింద బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై, చట్నీ మాత్రం వేసినంత. నేను తినే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే ఆవిడ తన ప్లేటు పట్టుకుని అట్లాగే ఆగింది. "మీరు కానిచ్చాక మొదలెడదామని," అంది. ఆ మర్యాద నాకు నచ్చింది.

రాత్రి మంచాల మీద కూర్చుని నా సంగతంతా చెప్పాను. నాగమణి కాళ్ళు పిసుక్కుంటూ విని, వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మా ఇళ్ళల్లో పోయినవాళ్ళు మళ్ళీ పుడతారంటాం. మీ ఇళ్ళల్లో మళ్ళీ లేస్తారంటారు. మీ ఆయనేమో అసలు పోనే లేదన్నాడు. ముగ్గుర్లోకీ మీ ఆయనే నయమండీ, ఖర్చు లేదు."

ఆయన పోయాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. నవ్వి మళ్ళీ భయపడ్డాను, నవ్వాల్సిన విషయమేనా అని.

కొండపల్లి బొమ్మ

మర్నాడు సిటీ బస్సులో కొండపల్లి వెళ్ళాను. దూరం నుంచే థర్మల్ స్టేషను గొట్టాల పొగ కనపడుతుంది. బొమ్మలు చేసే వీధిలోంచి చర్చికి దారి. ఒక అరుగు మీద ఒకమ్మాయి వరసగా నిలబెట్టిన చెక్క మనుషులకి రంగులు వేస్తోంది. ఎండకి అక్కడ కాసేపు కూలబడ్డాను. ఒక బొమ్మని చేతిలోకి తీసుకుంటే మరమరాల ఉండ అంత తేలిక. అన్నీ ఒకే తీరు. ముఖాలు లేవు.

"వీళ్ళెవరమ్మాయ్?"

"ఇంకా ఎవరూ కాదండీ. గొంగళీ వేస్తే గొల్లవాడు, నాగలి పెడితే రైతు. క్రిస్మస్ ముందు పశువుల పాక ఆర్డర్లొస్తే వీళ్ళే యోసేపులవుతారు. రంగు పడేదాకా ఎవరవుతారో చెప్పలేం."

ఒక్కోటి నూట యాభై అంది. కొనలేదు. ఎవరో తెలియని మనిషిని ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకోను?

ఫాదరు గారి వంటింట్లో

ఫాదరు గారిని పెద్ద గడ్డంతో, తెల్ల అంగీతో ఊహించుకున్నాను. లుంగీ, బనీను వేసుకున్న సన్నటి ముసలాయన తలుపు తీశారు. కంటి ఆపరేషను అయిందట, నల్లద్దాలు. నేను మన పద్ధతిలో "వందనాలండీ" అన్నాను. ఆయన కేథలిక్కుల పద్ధతిలో "దేవునికి స్తోత్రం" అన్నారు. లోపల్నుంచి మాడు వాసన వస్తోంది. వంటావిడ సెలవు పెట్టిందట, ఈయన పప్పు పొయ్యి మీద పెట్టి మర్చిపోయారు. మనలో పాస్టరు గారికి పాస్టరమ్మ గారు ఉంటారు. వీళ్ళకి ఆ ఏర్పాటు లేదు గదా, పాపం అనిపించింది. నేను కొంగు దోపి గిన్నె తోమి, మళ్ళీ పప్పు పెట్టి, చింతపండు నానేశాను. ఆయన స్టూలు మీద కూర్చున్నారు. కోచింగు సారు కబురు చెబితే గట్టిగా నవ్వారు. "వాడి లెక్క ఎప్పుడూ బావుండేది," అన్నారు.

ఎవరి తాలూకు మనిషినో చెప్పకుండా ముందు నా ప్రశ్న అడిగాను. మా ఆయన పేరు చెబితే మొహమాటపడి మంచిగా చెబుతారేమోనని నా అనుమానం. "మాది లాకుల దగ్గర ఊరండీ. లోకం చీలుతుందన్న మాట మాకు అర్థమయ్యేట్టు చెప్పండి," అన్నాను.

"లాకుల దగ్గరా? అయితే సులువే. నీళ్ళు పోయే ద్వారాలు పక్కపక్కనే రెండు తీస్తే ఏమవుతుందమ్మా?"

"ఖానాలాండీ? రెండు ఖానాల అలలూ కింద కలుసుకుని చారలు చారలుగా పోతాయి."

"అదీ. పరమాణువు కంటే చిన్న రేణువులుంటాయి. వాటిని ఒక్కొక్కటే వదిలినా సరే, కొన్ని వేలు పోయాక అవతల గోడ మీద ఆ చారలే పడతాయి. ఒక్క రేణువు రెండు ఖానాల్లోంచీ పోయినట్టు. ఏ ఖానాలోంచి పోతోందో చూద్దామని కాపలా పెట్టామనుకో, చారలు మాయం. బుద్ధిగా ఒక దాంట్లోంచే పోతుంది."

"చూస్తే సిగ్గా దానికి?"

"అట్లాంటిదే! దీనికి అర్థం ఏమిటని మహామహులు వందేళ్ళుగా కొట్టుకుంటున్నారు. కొందరేమంటారంటే, చూసేదాకా అది ఇదీ కాదు, అదీ కాదు. చూసినప్పుడే ఏదో ఒకటి అవుతుంది."

"వీధిలో ముఖం వెయ్యని బొమ్మలున్నాయండీ, అట్లాగా?"

ఆయన కాస్త ఆలోచించారు. "కాదమ్మా. అక్కడ ఏ రంగు వెయ్యాలో ఆ అమ్మాయి నిర్ణయిస్తుంది. ఇక్కడ నిర్ణయించే చెయ్యి మాకు కనపడటం లేదు. అందుకే ఇంకొందరు, అంతా ముందే నిర్ణయమై ఉంది, మనకి తెలియదంతే అంటారు. మీ పాస్టరు గారికి ఈ మాట నచ్చుతుంది."

నాకు ఒక అనుమానం వచ్చింది. "మరి దేవుడు అన్నీ చూస్తూనే ఉంటాడుగా ఫాదరు గారూ? ఆయన చూస్తుంటే ఆ చారలు ఎట్టా వస్తున్నాయి?"

ఆయన నల్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "చీకట్లో పెరుగు తోడుకుందో లేదో ఎట్లా చూస్తావు?"

"వేలు పెట్టి."

"వేలు పెడితే పెరుగు కదులుతుంది. మన చూపు అట్లాంటిది, తగలకుండా చూడలేం. ఇది పోలికేనమ్మా, అసలు సంగతి ఇంకా చిక్కు. కానీ దేవుడు వేలు పెట్టి చూసేవాడు కాదని నా నమ్మకం. కదపకుండా తెలుసుకోగలిగినవాణ్ణే దేవుడంటాం."

పప్పుచారు మరుగుతోంది. నేను అసలు దానికొచ్చాను. "మూడోది చెప్పండి. చీలేది."

"మూడోవాళ్ళు ఏమంటారంటే, అది ఏదో ఒకటి అవదు, రెండూ అవుతుంది. ఇటు పోయిన లోకం ఒకటి, అటు పోయిన లోకం ఒకటి. ఇది వినగానే మా క్రైస్తవ పండితులకి గుండెల్లో రాయి పడింది. ఒక లోకంలో పేతురు ప్రభువుని ఎరగనని బొంకాడు, ఇంకో లోకంలో బొంకలేదు అంటే పశ్చాత్తాపం ఎవరిది? తీర్పు ఎవరికి? అసలు జ్వరాలకీ చావులకీ ఆ రేణువుల సంగతి వర్తిస్తుందా అన్నది ఇంకో తగాదా. ఒకటి మాత్రం చెప్పగలను. లెక్క ఈ మూడు మాటలకీ ఒకటే. ఏది నిజమో తేల్చే పరికరం ఇంకా లేదు."

"మీరు నమ్ముతారా?"

"లేదమ్మా. నాకు ఈ ఒక్క లోకమే ఎక్కువ. కానీ అబద్ధమని రుజువు చెయ్యలేను."

గరిటె పట్టుకునే అడిగేశాను. "ఆ మూడో మాట నమ్మి పోయిన మనిషి విశ్వాసం బయట పోయినట్టా, లోపల పోయినట్టా?"

ఫాదరు గారు నా వైపు తిరిగారు. "మీది లాకుల దగ్గర ఊరన్నావు. కుర్చీలు సర్దే సత్యానందం గారి ఇంటావిడ దీనమ్మవా?"

నేను తలూపాను. పోయారా అని ఆయన అడగలేదు. నా బోసి మెడ చూశారు, అర్థమైంది.

"ఆ రోజు మీటింగు అయ్యాక పిల్లలంతా వెళ్ళిపోయారమ్మా. ఆయన కుర్చీలు మడుస్తూ వచ్చి, 'అయ్యగారూ, ఆ రెండో లోకంలో కూడా ప్రభువు సిలువెక్కాడాండీ?' అన్నాడు. నేను తెలియదన్నాను. ఆయన కుర్చీ కింద పెట్టి, 'ఎక్కకపోతే మా పిల్లని అక్కడ ఉంచనండీ. ఇక్కడే పోయిందనుకుంటాను,' అన్నాడు."

నేను గరిటె వదిలేసి నేల మీద కూర్చున్నాను.

"తర్వాత ఫోన్లు చేసేవాడు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. సాయంత్రాలు కాలువ గట్టు మీద ఫోను పట్టుకుని తిరిగితే పాత లస్కర్లతో కబుర్లనుకున్నాను.

"ఆఖరిసారి మాత్రం సంబరంగా చేశాడు. 'తేల్చుకున్నానండీ' అన్నాడు. 'పెద్ద కాలువ ఒక్కటే గదండీ, పిల్లకాలువలు కిందెక్కడో చీలతాయి. ప్రభువు సిలువెక్కింది పైన. మా లిల్లీ దగ్గర చీలింది కింద. చీలిన తర్వాత ఎన్నయినా కానీండి, అన్నిట్లోకీ వచ్చేది ఆ పై నీళ్ళే. ఆయన మళ్ళీ ఎక్కక్కర్లేదు' అన్నాడు."

"మీరేమన్నారండీ?"

"నేనూరుకుంటానా? మాస్టర్ని గదా. 'దాంట్లో కన్నం ఉంది సత్యానందం గారూ, సిలువకి ముందే చీలిన కాలువల మాటేమిటి?' అన్నాను. 'వాటి సంగతి మీరు చూసుకోండి అయ్యగారూ, నాకు మా పిల్ల కాలువ ఒక్కటే,' అన్నాడు." ఫాదరు గారు నవ్వి, నవ్వు ఆపారు. "దీనమ్మ గారూ, ఆయన చెప్పింది సరైనదో కాదో నాకు తెలియదు. పిల్ల అక్కడ ఉందో లేదో అంతకన్నా తెలియదు. విశ్వాసం వదిలేసినవాడు మాత్రం పిల్ల బతికి ఉందని వింటే చాలు, ఎగిరి గంతేస్తాడు. ముందు ప్రభువు అక్కడున్నాడా అని అడగడు."

అంతే. అక్కడ నా రొమ్ము మీద నుంచి ఏదో బరువు దిగింది. ఏడుపు రాలేదు, ఆకలి వేసింది. ఆయన పోయాక అంత ఆకలి ఎప్పుడూ వెయ్యలేదు. ఇద్దరం వంటింట్లోనే తిన్నాం. నేను మారు వడ్డించుకున్నాను. పప్పుచారులో ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను. ఫాదరు గారు ఏమీ అనలేదు గానీ మంచినీళ్ళు మాత్రం చెంబుడు తాగారు. రాయి ఆగిన సంగతి చెబితే, మీ పాస్టరు గారికి నాలుగు ముక్కలు రాసివ్వనా అన్నారు. వద్దన్నాను. నోటితో తెచ్చుకున్న చిక్కు నోటితోనే విప్పుకుంటానన్నాను.

మన గుళ్ళో

వచ్చేటప్పుడు బస్సు కంకిపాడు దగ్గర టైరు పంచరై చాలాసేపు ఆగింది. అందరూ విసుక్కున్నారు. నేను దిగి చెరుకు రసం తాగాను, ఇరవై రూపాయలు, అల్లం దండిగా వేశాడు. హాయిగా ఉంది.

ఆదివారం మీరందరూ ఉన్నారు, అయినా రానివాళ్ళ కోసం చెబుతున్నాను. సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. వెనక వరసల్లో గుసగుస మొదలైంది. ఆయన అడిగిన మాట, కాలువ మాట, ఫాదరు గారు పట్టిన కన్నం, అన్నీ చెప్పాను. నేనైతే ఆ రెండో లోకాన్ని నమ్మననీ చెప్పాను. లిల్లీకి ఆఖరి స్నానం చేయించిన చేతులు ఇవి. నాకు అది ఇక్కడే పోయింది, ఇక్కడే లేస్తుంది. ఆయన మాత్రం దాన్ని ఎక్కడ ఉంచినా ప్రభువు లేని చోట ఉంచలేదు.

సంతోషమ్మ గారు, ఆవిడ సంగతి తెలుసుగా, కర్ర ఆనించుకుని, "ఆ రెండో లోకంలో నాకు మోకాళ్ళ నొప్పులున్నాయో లేవో కనుక్కున్నావా దీనమ్మా?" అంది. గుడంతా గొల్లున నవ్వింది.

పాస్టరు గారు నవ్వలేదు. "ఆ కాలువ సంగతి ఇంకోసారి చెప్పమ్మా," అన్నారు. చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. "నాకు పూర్తిగా ఎక్కలేదు దీనమ్మ గారూ. ఒకటి మాత్రం అర్థమైంది. ఆ రోజు నేను ఆయన ఆఖరి మాట ఒక్కటే విన్నాను, దాని ముందున్నవి వినలేదు. రాయి చెక్కేవాణ్ణి రేపే పిలుద్దాం," అన్నారు.

వాడు వచ్చి చెక్కి వెళ్ళాడు. ఆయన పేరు కింద వాక్యం ఉంది, పక్కన నాకు చోటు ఉంది. లిల్లీది అవతలి పక్కన. మధ్యలో ఆయన.

సుహాసినీ, ఇక రాసింది చాలు. పెన్ను మూసి ఇప్పుడు మొదట్నుంచీ చదివి వినిపించవే. నువ్వు చదువుకున్నదానివి, ఆయన మాటల్ని బాగు చేసి రాసుంటే మాత్రం ఊరుకోను. ఎట్టా అన్నాడో అట్టాగే ఉండాలి, తప్పుంటే అక్కడే ఆపుతాను. ఆ దిండు ఇట్లా ఇవ్వు, నడుం వాల్చి వింటాను. మధ్యలో నాకు నిద్ర పడితే పట్టనీ, నువ్వు చదవడం ఆపకు.